షెడ్డు ముచ్చట్లు: ఈ నెల అన్నీ హ్యాండ్ బ్రేకు ఉత్తరాలే

ఈ నెల వచ్చిన ఉత్తరాలు విప్పితే అయిదు హ్యాండ్ బ్రేకు గురించే. వానలు మొదలయ్యాక ప్రతి ఏడూ ఇంతే. ఎండాకాలమంతా నోరెత్తకుండా పడి ఉన్న రోగాలు నాలుగు తడులు పడగానే లేచి కూర్చుంటాయి. అందుకని ఇంజిను ఉత్తరాలనూ ఏసీ ఉత్తరాలనూ వచ్చే నెలకు వాయిదా వేశాను. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై నాలుగేళ్లు షెడ్డు నడిపి, మోకాళ్లు మొరాయించాక పని మా అబ్బాయికి అప్పగించి, కుర్చీలో కూర్చుని సలహాలు చెబుతున్నవాడిని నేను. నా సలహాలు మావాడికి రుచించవు. మీకైనా పనికొస్తాయని రాస్తున్నాను.

ప్రశ్న: మాది 1998 మోడల్ మారుతి 800. షోరూము నుంచి తెచ్చిన రోజు నుంచీ నా చేతిలోనే ఉంది. మా ఇల్లు సింహాచలం కొండ దిగువన వాలు వీధిలో. ఏడాదిగా హ్యాండ్ బ్రేకు పైకంటా లాగినా బండి నిలవడం లేదు. మెకానిక్ రెండుసార్లు లీవరు దగ్గర నట్టు బిగించాడు. బిగించాక పదిహేను రోజులు బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. మొన్న బండి మెల్లగా వెనక్కి జారి ఎదురింటి గేటును ఆనుకుంది. వాళ్లు మంచివాళ్లు కాబట్టి కాఫీ ఇచ్చి పంపారు. ఇప్పుడు కొత్తగా, ఎక్కడికైనా వెళ్లి వస్తే ఎడమవైపు వెనక చక్రం చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. డిక్కీలో రాయి పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంత పాత బండికి ఇంకా ఖర్చు పెట్టడం తెలివైన పనేనా?
— పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు, విశాఖపట్నం

జవాబు: మాస్టారూ, ఆ రాయిని అప్పుడే డిక్కీలోంచి తీయవద్దు. పని పూర్తయ్యేదాకా దానికి ఉద్యోగం ఉంది. కాలుతున్న చక్రంతో మాత్రం దూరాలు వెళ్లవద్దు. ఆ వేడికి షూలు, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రాన్ని అదిమి ఆపే వంపు రేకులు, మాడతాయి, వీల్ సిలిండర్‌లోని రబ్బరు కప్పులు పాడవుతాయి, బేరింగులో గ్రీజు కరిగి కారుతుంది. అప్పుడు ఒక రోగం నాలుగవుతుంది.

బండి జారడం ఒక ఫిర్యాదు, చక్రం కాలడం ఇంకొక ఫిర్యాదు అన్నట్టు రాశారు. నాకు రెండూ ఒక్కటిగానే కనిపిస్తున్నాయి. మీ 800లో వెనక చక్రాలకు ఉన్నవి డ్రమ్ము బ్రేకులు. డ్రమ్ము అంటే చక్రంతోపాటు తిరిగే ఇనుప గిన్నె లాంటిది, షూలు ఉండేది దాని లోపల. కాలితో తొక్కితే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి వీల్ సిలిండర్ షూలను డ్రమ్ముకు అదుముతుంది. చేత్తో లాగితే కేబులు వెళ్లి డ్రమ్ములోని ఒక చిన్న లీవరును లాగి, అవే షూలను అదుముతుంది. దారులు రెండైనా షూలు అవే. షూ అరిగేకొద్దీ దానికీ డ్రమ్ముకూ మధ్య ఎడం పెరుగుతుంది. అంబాసిడర్ల కాలంలో ఆ ఎడాన్ని మేమే చేత్తో సరిచేసేవాళ్లం. మీ బండిలో దానికోసం డ్రమ్ములోనే ఒక పళ్ల అమరిక ఉంది. షూ అరిగినప్పుడల్లా అది ఒక పన్ను ముందుకు జరిగి ఎడాన్ని తానే పూడ్చుకుంటుంది. దానికి ఒకే ఒక షరతు. హ్యాండ్ బ్రేకు దించినప్పుడు డ్రమ్ములోని ఆ చిన్న లీవరు పూర్తిగా తన చోటికి వెనక్కి వచ్చి ఆనాలి.

మీ మెకానిక్ చేసింది ఇక్కడ చూడండి. పైన నట్టు బిగించాడు, కేబులు పొట్టిదయింది. ఆ చిన్న లీవరు సగం లాగిన స్థితిలోనే ఉండిపోయింది. దాంతో పళ్ల అమరిక పని మానేసింది. షూ ఎప్పుడూ డ్రమ్మును రాసుకుంటూ తిరుగుతోంది. రాసుకుంటే కాలుతుంది, కాలితే అరుగుతుంది, అరిగితే పదిహేను రోజుల్లో మళ్లీ వదులవుతుంది. మీ భాషలో చెప్పాలంటే సమీకరణానికి ఎడమవైపు తప్పుంటే ఆయన కుడివైపు దిద్దాడు. ఆ నట్టు ఉన్నది కేబులు సాగినంత మేర సవరించుకోవడానికి. అరిగిన షూకు అది మందు కాదు. ఈ పొరపాటు ఆయన ఒక్కడిదే అనుకోవద్దు. నట్టు బిగించడం అయిదు నిమిషాల పని, డ్రమ్ము విప్పితే సగం రోజు పోతుంది. కస్టమరు పక్కనే నిలబడి గడియారం చూస్తుంటే చెయ్యి నట్టు దగ్గరికే పోతుంది. నా చెయ్యీ పోయింది, చాలాసార్లు.

ఇంటి దగ్గరే చేయగల పరీక్ష చెబుతాను. ముందు బండి చదునైన చోట ఆపి, లీవరు నిదానంగా లాగుతూ టిక్కులు లెక్కపెట్టండి. మా గురువుగారు నన్ను కళ్లు మూసుకుని లాగమనేవారు. లీవరు చేతికి ఏం చెబుతోందో వినాలట. ఆయన చెప్పింది నిజమే. ఆరేడు టిక్కులకు గట్టిగా బిగుసుకుంటే ఆరోగ్యం. పది దాటినా చేతికి బరువు తెలియకపోతే ఎడం పెరిగింది, లేదా కేబులు సాగింది. అసలు బరువే లేకుండా తేలిగ్గా పైకి వచ్చేస్తే కేబులు తెగి ఉండవచ్చు. మూడు నాలుగు టిక్కులకే రాయిలా బిగుసుకుని కూడా బండి జారుతుంటే అది వేరే కథ. కేబులు తన తొడుగులోనే ఇరుక్కుని ఉంటుంది, లేదా షూల మీద ఆయిలో గ్రీజో పడి ఉంటుంది. ఈ పనిలోనే కాలి బ్రేకునూ గమనించండి. పెడలు కూడా మామూలుకంటే కిందికి దిగుతోందంటే ఎడం పెరిగిందనడానికి అది రెండో సాక్ష్యం. దాంతోపాటు డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం కూడా తగ్గుతూ ఉంటే, చక్రం లోపలివైపు తడి ఉందేమో చూడాలి.

తర్వాత జాకీ పరీక్ష. మీది ముందు చక్రాలతో నడిచే బండి కాబట్టి మొదటి గేరులో పెడితే ముందు చక్రాలు కదలవు. అయినా మీ రాయికి తోడుగా ఇంకొక రాయి వెతికి ముందు చక్రాలకు అటూ ఇటూ పెట్టండి. ఇదంతా చదునైన నేల మీదే, మీ వాలు వీధిలో వద్దు. వెనక భాగం జాకీతో లేపి కింద స్టాండ్లు పెట్టించండి. జాకీని ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి వెళ్లవద్దు. ఇప్పుడు హ్యాండ్ బ్రేకు దించి వెనక చక్రాలను చేత్తో తిప్పండి. సన్నగా రాసుకునే చప్పుడు ఉండవచ్చు, పట్టు ఉండకూడదు. తర్వాత ఒక్కొక్క టిక్కు లాగుతూ రెండు చక్రాలూ తిప్పి చూడండి. రెండూ దాదాపు ఒకే టిక్కు దగ్గర బరువెక్కాలి.

మీ బండిలో ఎడమది మొదటి నుంచీ పట్టుకుని, కుడిది చివరిదాకా హాయిగా తిరుగుతుందని నా ఊహ. లాగిన బలమంతా ఒక్క చక్రమే తీసుకుంటోంది, అదీ అరిగిపోయిన చక్రం. ఇక వాలులో ఏం నిలుస్తుంది? ఎడమది ఎందుకు పట్టిందో తేల్చడానికి లీవరు దగ్గర నట్టు పూర్తిగా వదులు చేయించండి. చక్రం వెంటనే వదిలితే అది అతిగా బిగించిన ఫలితం. అప్పటికీ వదలకపోతే కేబులు తొడుగులో తుప్పు పట్టి ఉండాలి, లేదా డ్రమ్ములోని చిన్న లీవరు ఇరుసు దగ్గర బిగుసుకుని ఉండాలి, లేదా వీల్ సిలిండర్ పట్టేసి ఉండాలి. మీది సముద్రపు గాలి తగిలే ఊరు. కేబులు మీది నల్ల తొడుగు ఒక్కచోట చిట్లితే చాలు, ఉప్పు తేమ లోపలికి దిగి తీగను లోపలి నుంచే తినేస్తుంది. పైకి కొత్తదానిలాగే ఉంటుంది. తుప్పు పట్టిన కేబులులో నూనె పోసి బతికించాలని చూడవద్దు. రెండు నెలలు బతుకుతుంది, మూడో నెల కొండ మీద పోతుంది.

డ్రమ్ము విప్పడం మాత్రం మీరు చేయవద్దు, దగ్గర నిలబడి చేయించండి. అరిగిన డ్రమ్ముకు అంచున గట్టు కడుతుంది. షూలు దానికి తగులుకుని డ్రమ్ము ఊడి రాదు. అప్పుడు కొందరు సుత్తితో అంచు మీద బాదుతారు, అంచు విరుగుతుంది. డ్రమ్ము ముఖం మీద మరలు తొలిచిన రెండు రంధ్రాలు ఉంటాయి. వాటిలో రెండు బోల్టులు సమానంగా బిగిస్తూ పోతే డ్రమ్ము దానంతట అదే బయటికి నెట్టుకు వస్తుంది. ఆ రంధ్రాలు ఎందుకున్నాయో తెలియని కుర్రవాళ్లు షెడ్లలో ఇప్పటికీ ఉన్నారు. లోపలి నల్ల పొడిని గాలి పైపుతో ఊదనివ్వవద్దు. షూ మీద రాపిడికి వేసే పొరను లైనింగు అంటాం. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. తడి గుడ్డతో తుడిపించండి. మా కాలంలో మేము నోటితో ఊదేవాళ్లం. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ దగ్గు వస్తుంది.

విప్పాక చూడవలసినవి ఇవి. లైనింగు రెండు మిల్లీమీటర్ల కంటే పలచబడితే నేను మార్చేస్తాను. అద్దంలా మెరుస్తూ ఉంటే అది కాలి గట్టిపడిన లైనింగు, దాని పట్టు పోయినట్టే. వీల్ సిలిండర్ రబ్బరు బూటు కొద్దిగా ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే ఆయిల్ కారుతోంది. ఆయిల్ తాగిన షూలను పెట్రోలుతో కడిగి, మంట మీద కాల్చి మళ్లీ వేసే అలవాటు ఒకటి ఉంది. వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది. అవి మార్చవలసిందే, మారిస్తే రెండు చక్రాలకూ మార్చవలసిందే. స్ప్రింగులు కూడా కొత్తవి వేయించండి. కాలిన స్ప్రింగు నీలంగా మారి బలం పోగొట్టుకుంటుంది, షూను వెనక్కి లాగలేదు. చిన్న లీవరు ఇరుసును శుభ్రం చేయించి, వేడికి తట్టుకునే గ్రీజు అగ్గిపుల్ల తలంత పెట్టించండి. అంతకు మించితే అదే వెళ్లి లైనింగు మీద పడుతుంది. డ్రమ్ములో గాడులు పడి ఉంటే లేతు మీద సాపు చేయించవచ్చు. కానీ ప్రతి డ్రమ్ముకూ ఇంతకంటే వెడల్పు కాకూడదని ఒక హద్దు ఉంటుంది. హద్దు దాటినదాన్ని పాత ఇనుముకు వేయడమే.

బిగించేటప్పుడు వరుస తప్పకూడదు. కేబులు నట్టు పూర్తిగా వదులుగా ఉండగానే డ్రమ్ములు ఎక్కించి, కాలి బ్రేకు పదే పదే తొక్కాలి. లోపల పళ్ల అమరిక టిక్కు టిక్కుమని తన ఎడం తాను సరిచేసుకుంటుంది. ఆ చప్పుడు ఆగిపోయాకే పైన నట్టు ముట్టుకోవాలి. ఆరేడు టిక్కులకు రెండు చక్రాలూ బిగిసి, దించితే రెండూ స్వేచ్ఛగా తిరిగేటంత వరకే. రోడ్డు మీద పది కిలోమీటర్లు నడిపి వచ్చి చేతిని రెండు వెనక చక్రాల దగ్గరా పెట్టి చూడండి. వేడి సమానంగా ఉండాలి.

ఖర్చు సంగతి అడిగారు. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది కానీ బ్రేకు సామాను ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతుంది. షూలు, కేబులు, సిలిండర్ కిట్టు కలిపినా మీ బండికి కొత్త టైర్ల జతకంటే పెద్ద ఖర్చేమీ కాదు. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి రిజిస్ట్రేషన్ అయిదేళ్లకొకసారి పొడిగించుకుంటూ ఉంటారు. అక్కడ తనిఖీలో బ్రేకులు చూపించాలి కదా. నా ఓటు బాగుచేయించడానికే. ఎదురింటివారు రెండోసారి కూడా కాఫీ ఇస్తారని గ్యారంటీ లేదు.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ వెళ్తూ తన పాత కారును మా అపార్ట్‌మెంట్ కింద పెట్టి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి వెళ్లాడు. ఏడు నెలలయింది. మొన్న డ్రైవరును పిలిపించి తీయిద్దామంటే లీవరు కిందికి దిగింది కానీ బండి కదలలేదు. ఇంజిను బాగానే ఉంది. అతను గట్టిగా యాక్సిలరేటర్ తొక్కి లాగిస్తానంటే నేను వద్దన్నాను.
— ఒక తల్లి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, వద్దని మంచి పని చేశారు. బహుశా వెళ్లే రోజు మీ అబ్బాయి బండిని శుభ్రంగా కడిగి పెట్టి ఉంటాడు. పిల్లలకు ఆ బుద్ధి వెళ్లేటప్పుడే పుడుతుంది. తడి డ్రమ్ముకు షూను అదిమి నెలల తరబడి ఉంచితే రెండూ తుప్పుతో అతుక్కుంటాయి. లీవరు దిగినా షూ వదలదు. బలంగా లాగిస్తే లైనింగు ఊడి షూ నుంచి విడిపోవచ్చు. ఆ ముక్క డ్రమ్ములో అడ్డుపడితే నడుస్తున్న చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటుంది.

డ్రైవరుతో మొదటి గేరులో ఒక అంగుళం ముందుకు, రివర్సులో ఒక అంగుళం వెనక్కి, క్లచ్చు మీద మెల్లగా ఊగించమనండి. నాలుగైదు సార్లు చాలు. ‘టక్’మని ఒక చప్పుడు వచ్చి వదిలితే సరి. వదలకపోతే చక్రం విప్పించి, డ్రమ్ము చుట్టూ చెక్క సుత్తితో తట్టించండి, ఇనుప సుత్తితో కాదు. వదిలినా కూడా, రోడ్డెక్కే ముందు ఒకసారి డ్రమ్ములు విప్పి చూపించండి. ఏడు నెలలు కదలని బండికి టైర్లూ బ్యాటరీ కూడా చూపించాలని వేరే చెప్పాలా?

ఈసారి ఎక్కువ కాలం పెట్టేటప్పుడు హ్యాండ్ బ్రేకు వదిలేసి, గేరులో ఉంచి, చక్రాలకు రెండువైపులా చెక్కలు పెట్టించండి. మీ అబ్బాయికి ఇది చదివి వినిపించండి.

ప్రశ్న: మా తాతగారి పాత జీపు బాగుచేసి నడుపుతున్నాను. హ్యాండ్ బ్రేకు గట్టిదే, ఎంత వాలులోనైనా నిలుస్తుంది. కానీ పొలం గట్టు దగ్గర వెనక చక్రం పంక్చరయితే హ్యాండ్ బ్రేకు వేసి జాకీతో లేపాను. చక్రం గాలిలోకి లేవగానే జీపు ముందుకు జారి జాకీ మీద నుంచి పడింది. నాకేమీ కాలేదు. బ్రేకు ఎందుకు వదిలింది?
— కరీంనగర్ నుంచి ఒక యువ పాఠకుడు

జవాబు: బాబూ, బ్రేకు వదల్లేదు. నీ జీపు హ్యాండ్ బ్రేకు చక్రాలకు లేదు. ఆ కాలపు జీపుల్లో గేరుపెట్టె వెనక, ఇంజిను శక్తిని వెనక చక్రాలకు మోసే ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో ఒక చిన్న డ్రమ్ము ఉంటుంది. లీవరు లాగితే అది షాఫ్టును పట్టుకుంటుంది. రెండు చక్రాలూ నేల మీద ఉన్నంతసేపు షాఫ్టు ఆగితే జీపు ఆగుతుంది. ఒక చక్రం గాలిలోకి లేచిందా, మధ్యలో రెండు చక్రాలనూ వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉంది కదా, షాఫ్టు కదలకుండానే నేల మీది చక్రం ఒకవైపు, గాలిలోది ఎదురువైపు తిరుగుతాయి. జీపు జారిపోతుంది. గేరులో పెట్టినా ఇదే జరుగుతుంది, అది పట్టుకునేదీ ఆ షాఫ్టునే. జీపుకు నాలుగు చక్రాల గేరు వేస్తే ముందు చక్రాలు కూడా పట్టులోకి వస్తాయి కాబట్టి కొంత నయం. అయినా ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టకుండా జాకీ వేయవద్దు. ఇంకొకటి, నడుస్తున్నప్పుడు ఆ హ్యాండ్ బ్రేకు లాగవద్దు. షాఫ్టు కీళ్లు, గేరు పళ్లు దాన్ని తట్టుకోలేవు.

నేను ఈ పాఠం జీపు మీద నేర్చుకోలేదు. 1991లో షెడ్డు ముందు వాలులో ఒక అంబాసిడర్‌కు వెనక చక్రం లేపి, రాయి పెట్టడం బద్ధకించాను. అది నెమ్మదిగా దిగి నా సొంత మోపెడ్ మీద ఎక్కింది. కస్టమరు బండికి గీత కూడా పడలేదు.

ప్రశ్న: హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించినా మీటర్ల దగ్గర ఎర్ర దీపం ఆరడం లేదు. మలుపుల్లో ఒకసారి వెలిగి ఆరుతోంది కూడా. లీవరు కింద స్విచ్చు పోయిందంటున్నారు.
— గృహిణి, గుంటూరు

జవాబు: స్విచ్చు తరువాత, ముందు బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. చాలా కార్లలో ఆ ఒక్క దీపమే రెండు పనులు చేస్తుంది. హ్యాండ్ బ్రేకు వేసి ఉన్నా వెలుగుతుంది, ఆయిల్ తగ్గినా వెలుగుతుంది. మలుపులో వెలుగుతోందని రాశారు చూడండి, ఆ మాటకే నేను భయపడ్డాను. ఆయిల్ ఒక పక్కకు ఒరిగినప్పుడు మట్టం కిందికి దిగి దీపం వెలుగుతుంది. ఆయిల్ ఎందుకు తగ్గిందో తెలియకుండా నింపి ఊరుకోవద్దు. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగినా మట్టం కొంత దిగుతుంది, ఎక్కడైనా కారినా దిగుతుంది. ఈ ఉత్తరం అచ్చులో చదివేదాకా ఆగవద్దని మీకు ఫోను కూడా చేయించాను.

ప్రశ్న: మా నాన్నగారు హ్యాండ్ బ్రేకు వేయనివ్వరు. కేబులు సాగిపోతుందంటారు. గేరులో పెడితే చాలంటారు. మాకు నెలకొకసారి కొండ ఎక్కే పని ఉంటుంది. ఎవరు రైటు?
— తిరుపతి

జవాబు: నాన్నగారిని నొప్పించకుండా ఈ పేజీ ఆయన కుర్చీలో పెట్టి వెళ్లండి. రోజూ లాగి దించే కేబులు తొడుగులో కదులుతూ ఉంటుంది కాబట్టి తేలిగ్గా తుప్పు పట్టదు. నెలల తరబడి వాడని కేబులే అవసరమైన రోజున మొండికేస్తుంది. గేరు ఒక్కటే నమ్ముకుంటే బండి బరువంతా ఇంజిను లోపలి ఒత్తిడి మీద వేలాడుతుంది. అది కొద్దికొద్దిగా జారనిస్తుంది కూడా.

కొండ మీద వరుస ఇది: కాలి బ్రేకు తొక్కి బండి ఆపండి, న్యూట్రల్ చేయండి, హ్యాండ్ బ్రేకు లాగండి, కాలు మెల్లగా తీసి బరువు హ్యాండ్ బ్రేకు మీదికి రానివ్వండి. నిలిచాక ఇంజిను ఆపి గేరు వేయండి. ముక్కు పైకి ఉంటే మొదటి గేరు, కిందికి ఉంటే రివర్సు. ఈ వరుస తిరగేసి ముందే గేరు వేసి కాలు తీస్తే బరువు గేర్ల మీద పడుతుంది. బయలుదేరేటప్పుడు గేరు మారక కొట్టుకుంటారు. మీది ముందు చక్రాలతో నడిచే కారయితే గేరు ముందు చక్రాలను, హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలను పట్టుకుంటాయి. నాలుగూ కాపలా ఉన్నట్టే. నాన్నగారు నేర్చుకున్నది ఏ అంబాసిడర్ మీదో అయి ఉంటుంది. అందులో రెండూ వెనక చక్రాలకే. రాయి పెట్టే అలవాటు ఆ తరానికి అందుకే వచ్చింది.